గోలెం: ఇంకా పని మిగిలిన బొమ్మ

యూదుల కథల్లో ‘గోలెం’ మట్టితో చేసి ప్రాణం పోసిన మనిషి. కానీ హీబ్రూలో ఆ మాటకు మొదటి అర్థం మట్టిమనిషి కాదు, పని పూర్తికాని వస్తువు. దీని ధాతువు గ-ల-మ అనే మూడు హల్లులు. బైబిల్లో ప్రవక్త ఏలీయా తన దుప్పటిని మడత చుట్టే చోట వాడిన క్రియ ఈ ధాతువుదే. 139వ కీర్తనలో భక్తుడు, రూపు కట్టని రోజుల నాటి తన పిండాన్ని ‘గోల్మి’, అంటే ‘నా గోలెం’ అంటాడు.

ఆ మాటకు హద్దులు గీసింది యూదుల ధర్మగ్రంథమైన తాల్ముదు పండితులు. లోహపాత్ర గోలెంగా ఉన్నంతకాలం దానికి మైల అంటదు, పూర్తయితేనే అంటుతుంది. మరి ఎంతవరకు గోలెం? నునుపు చేయడమో, గీకడమో, సుత్తితో కొట్టి సరిచేయడమో బాకీ ఉన్నంతవరకు. కంచరి కొట్లో కూర్చుని చూసినవాళ్లు చెప్పాల్సిన సంగతులివి. ఆదాము పుట్టుకనూ వాళ్లు గంటల లెక్కన విడదీశారు: మొదటి గంటలో మట్టి పోగుచేయడం, రెండో గంటకు గోలెం, మూడో గంటలో అవయవాలు సాగడం, నాలుగో గంటలో ప్రాణం.

రావా అనే పండితుడు ఒక మనిషిని చేసి రబ్బీ జేరా దగ్గరికి పంపిన కథా తాల్ముదులోదే. జేరా పలకరించాడు, జవాబు లేదు. మళ్లీ మట్టిలో కలిసిపొమ్మన్నాడు. విచిత్రమేమంటే, ఆ కథలో గోలెం అన్న మాటే లేదు. ఆ మాటనూ ఈ కథనూ అతికింది తరువాతి కాలమే.

జానపదులు గోలెంకు అమర్చిన మీట ఇంకా ముచ్చటైనది. నుదుట ‘ఎమెత్’ అని రాస్తారు, అంటే సత్యం. అందులో అలెఫ్, మేమ్, తావ్ అనే మూడు అక్షరాలుంటాయి. హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి కుడి చివరి అలెఫ్‌ను చెరిపితే మిగిలేది ‘మేత్’, అంటే చచ్చినవాడు. తనకంటూ ధ్వని దాదాపు లేని ఆ అక్షరం మీదే బొమ్మ ప్రాణమంతా! యాకోబ్ గ్రిమ్ 1808లో అచ్చువేసిన కథలో గోలెం రోజురోజుకూ పెరిగి, నుదురు యజమానికి అందకుండా పోతుంది. చెప్పులు విప్పమని దాన్ని వంచి అక్షరం చెరిపేస్తాడు. మట్టి అతని మీదే కూలుతుంది. ప్రాగ్‌లో 1609లో మరణించిన రబ్బీ లోవ్‌కు గోలెంను అంటగట్టిన కథలు ఆయన పోయిన చాలాకాలానికి వచ్చినవే.

నేటి హీబ్రూలో గోలెం అంటే సీతాకోకచిలుక ప్యూపా కూడా. యిడ్డిష్‌లో ‘గోయ్‌లెం’ అంటే మొద్దు. 1965లో రెహోవోత్‌లోని వైజ్‌మన్ సంస్థ కంప్యూటరుకు పండితుడు గెర్షోమ్ షోలెం సూచించిన పేరు ‘గోలెం అలెఫ్’. హీబ్రూలో అక్షరాలే అంకెలు కాబట్టి అది ‘గోలెం 1’ అన్నమాట.