తుపాకి వద్దన్నవాడి పేరేది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పోరాట సాహిత్యం తుపాకి పట్టినవాళ్లను పాడింది, తూటాకు ఒరిగినవాళ్లను పాడింది. రెండువైపుల తుపాకులనూ వద్దన్నవాళ్లను మాత్రం పిరికివాళ్ల లెక్కలో వేసింది. మా పేచీ ఇక్కడే.

బ్రిటన్‌లో 1916 నాటి నిర్బంధ సైనిక చట్టమే, మనస్సాక్షి ఒప్పక యుద్ధానికి రానన్నవాళ్లను గుర్తించింది. మా వాడల్లో రాత్రి దళం అన్నం పెట్టమంటే, పగలు పోలీసు ఆరా చెప్పమంటే, 'మావల్ల కాదు' అనే హక్కు ఎవరిచ్చిన్రు? 1997లో ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా ఏర్పడ్డ పౌరస్పందన వేదిక ఇద్దరినీ నిలదీసింది. 2004 అక్టోబర్ చర్చలు ముందుకు సాగలేదు.

అట్లని దొర గడీ కింద నోరు మూసుకొని ఉండటాన్ని శాంతి అనలేం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్యను చంపింది దేశ్‌ముఖ్ మనుషుల తూటానే. వెట్టి చెయ్యనన్న మాట సాయుధ పోరాటం కంటే ముందే పుట్టింది. ఆయుధం లేని ఆ నిరాకరణే మా తొలి యుద్ధ వ్యతిరేకత. అంబేద్కర్ చెప్పిందీ ఇదే దారి: బుద్ధుడు హింసకు వ్యతిరేకి, న్యాయానికి కాదు.

చంపననేవాణ్ణి ద్రోహి అనని విమర్శ మనకింకా కావాలె.