‘బికాజ్’కు తెలుగు: హేతువాచకాల అనువాదంలో ఒక చిక్కు

ఇంగ్లీషులో ‘బికాజ్’ ఉపవాక్యం ప్రధానవాక్యానికి ముందూ రావచ్చు, వెనుకా రావచ్చు. వెనుక రావడమే ఎక్కువ. శ్రోతకు ముందే తెలిసిన హేతువును ‘సిన్స్’, ‘యాజ్’లతో వాక్యాదిలో నిలపడం ఆ భాషలో పరిపాటి. తెలుగు క్రియాంత భాష కావడం వల్ల ఇక్కడ హేతువు సాధారణంగా మొదట వస్తుంది, కార్యం తుదిన నిలుస్తుంది.

ఈ క్రమభేదాన్ని దాటడానికి అనువాదకులు ఆశ్రయిస్తున్న మాట ‘ఎందుకంటే’. “రైలు ఆలస్యమైంది, ఎందుకంటే వంతెన మీదికి వరదనీరు వచ్చింది” వంటి వాక్యాలు పాఠ్యపుస్తకాలలో సైతం కనిపిస్తున్నాయి. ఈ పదం ఇంగ్లీషు నుంచి ఊడిపడినది కాదు. ‘ఎందుకు’, ‘అంటే’ కలిసిన ఈ రూపంలో శ్రోత వేయబోయే ప్రశ్నను వక్తే ఊహించి బదులిస్తాడు. “ఆ పుస్తకాన్ని నేను సమీక్షించను. ఎందుకంటే ఆ రచయిత నా శిష్యుడు” అన్నప్పుడు దానికి పని ఉంది. ప్రశ్న పుట్టని చోట అది అతుకు మాత్రమే. అలాగే “గాలికి కొమ్మ విరిగింది” అని ఒక్క ‘కు’తో తేలిపోయే మాటను “గాలి కారణంగా” అని సాగదీయడం ‘డ్యూ టు’ మీది మోజు.

అయితే శైలి కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ‘బికాజ్’ రెండు పనులు చేస్తుంది. నేల తడిసింది, వాన కురిసింది గనుక అన్నప్పుడు అది సంఘటనకు కారణం చెబుతుంది. వాన కురిసి ఉండాలి, నేల తడిగా ఉంది గనుక అన్నప్పుడు వక్త ఊహకు ఆధారం చూపుతుంది. తడినేల వానకు కారణం కాదు కదా! తెలుగులో ‘కనుక’, ‘కాబట్టి’ ఈ రెంటికీ చెల్లుతాయి. ‘వల్ల’ మాత్రం రెండవదానికి నప్పదు. “నేల తడిగా ఉండటం వల్ల వాన కురిసి ఉండాలి” అనే వాక్యాన్ని తెలుగువాడి చెవి ఒప్పుకోదు.

ఆ చెవి పరిశోధన వ్యాసాలలో మొద్దుబారుతోంది. “ఈ కావ్యంలో సేద్యపు పదాలు విస్తారంగా ఉండటం వల్ల కవి రైతు కుటుంబీకుడు” అని రాస్తే, పదజాలం కవి పుట్టుకకు కారణమైనట్లు అర్థం వస్తుంది. వ్యాసకర్త ఉద్దేశించినది ఆధారం, రాసినది కారణం. ‘కాబట్టి’ అని రాసి ఉంటే, ఇది ఊహ అని, ఆ పదాలు కవికి వేరే దారిలో కూడా అంది ఉండవచ్చునని పాఠకుడికి వెంటనే తోచేది. ‘వల్ల’ ఆ సందేహానికి చోటివ్వదు. ఇంగ్లీషు విమర్శను చదివి తెలుగులో రాసే మనకు ‘బికాజ్’ ఈ తేడాను కప్పిపుచ్చే అలవాటు చేసింది.

నా సిద్ధాంతగ్రంథాన్ని ఇటీవల ఈ దృష్టితో తిరగేశాను. ఒక అధ్యాయం ముగింపులోని ‘వల్ల’లను ‘కాబట్టి’లుగా మార్చి చూస్తే, నిర్ధారణలనుకున్నవి చాలావరకు ఊహలుగా తేలాయి. ఆ అధ్యాయాన్ని మళ్లీ రాస్తున్నాను.