ఫోన్‌లో రాసే గోర్ బోలి

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన 2008లోనే బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త డేవిడ్ క్రిస్టల్ మెసేజ్ భాష మీద 'టెక్స్టింగ్: ది గ్రేట్ డిబేట్' రాశారు. పేరులోనే ఎనిమిది అంకెను అక్షరంగా వాడారు. పొట్టి రాతలు ఇంగ్లీషును పాడుచేస్తాయన్న భయం ఉత్తదేనని ఆయన వాదన. మాటను కుదించాలంటే ముందు దాని అక్షరాలు తెలియాలి కదా! ఇది మేమూ ఒప్పుకుంటాం. పరీక్షలో 'వై ఓ యు' బదులు ఒక్క 'యు' రాస్తే మార్కు తగ్గించండి, పిల్లను మొద్దు అనకండి.

కానీ ఈ పుస్తకం మన తండా దాకా రాదు. ఇతర భాషల ప్రస్తావన ఉన్నా దాని చర్చ ఎక్కువగా ఇంగ్లీషు చుట్టూనే. ఇంగ్లండు పిల్లలకు బడి రాత ముందు, మెసేజ్ తర్వాత. ఎయిర్‌పోర్టులో షిఫ్టు దిగి 'యాడీ' అంటూ ఇంటికి మెసేజ్ పెట్టే మన పిల్లల్లో చాలామందికి గోర్ బోలిలో ఉన్న రాత అదొక్కటే.

అదీ ఇంగ్లీషు అక్షరాల్లో! ఒక ఎస్సెమ్మెస్‌లో ఇంగ్లీషు అక్షరాలు 160 పడితే, తెలుగు లిపికి 70 గుర్తులే. పైసలు లెక్కపెట్టుకునేవాళ్లు ఏది ఎంచుకుంటారు? వాట్సాప్‌తో ఆ ఇరుకు పోయింది, అలవాటు మిగిలింది. ట, త రెండూ ఒకే 'టీ'. ల, ళ రెండూ ఒకే 'ఎల్'. యాడి నోట వినిపించే తేడా రాతలో మాయం.

సార్లూ, టీచరమ్మలూ, ఉద్యోగ దరఖాస్తుకు పూర్తి ఇంగ్లీషే నేర్పండి, అందులో రాజీ వద్దు. అదే పీరియడ్‌లో ఒక గోర్ బోలి మెసేజ్‌ను బోర్డు మీద తెలుగు లిపిలో రాయించండి. ఏ అక్షరం దగ్గర చెయ్యి ఆగితే, ఆ మాట ఇంట్లో అడిగి రమ్మనండి.