లొడలొడ

విప్పి చూడకయే వస్తువు చచ్చినదని తీర్పు చెప్పువారియెడ నాకు గల కోపమును ఈ శీర్షిక పాఠకులు చాలకాలముగా ఎరుగుదురు. మా యింటి మిక్సీని, గోడ గడియారమును గూర్చి నేను వ్రాసిన వ్రాతలకు విసిగినవారు మరింత బాగుగా ఎరుగుదురు. ఈ వారము ఆ కోపమునకు మరల కారణము దొరకినది.

సెలవులకు చెన్నై నుండి కార్వేటినగరము వచ్చిన మనుమడు తనతో స్టంట్ స్కూటరును తెచ్చెను. పెట్రోలుతో పనిలేక, రెండు చిన్న చక్రములు, డెక్కనెడి ఒక పలక, నిలువు హ్యాండిలు మాత్రమే కలిగి, కాలితో నేలను తన్ని నడుపుకొను బండి యది. స్కందపుష్కరిణి ప్రక్క వీధిలో మూడు దినములు ఎగిరెగిరి దూకిన పిమ్మట, నాలుగవనాడది లొడలొడమని మొరపెట్టుకొన నారంభించెను. పట్టణములోని యొక దుకాణమునకు తీసికొనిపోగా, యజమాని కుర్చీనుండి లేవకయే, “ఇవి రిపేరయ్యేవి కాదు సార్, కొత్తది తీసుకోండి” అనెను. నేను మాటాడక బండిని చంకనిడుకొని ఇంటికి వచ్చితిని.

రోగస్థానము తెలియుట మొదటి పని. ముందు చక్రమును గోడకానించి, ఆ చక్రమును పట్టియుండు ఫోర్కు డెక్కును కలియు కీలుపై వ్రేలుంచి, హ్యాండిలును ముందు వెనుకలకు కదిలించితిని; కీలులోని కదలిక వ్రేలికి తగిలెను. ఆ కీలు, అనగా హెడ్‌సెట్టు, వదులైనదని గ్రహించి, కనబడుచున్న క్లాంపు బోల్టులను శక్తికొలది బిగించితిని గాని లొడలొడ మానలేదు.

“తాతా, అవి బిగిస్తే ఏం లాభం? ముందు వాటిని లూజు చేయాల” అనెను బాలుడు.

వాని మాటయే నిజము. క్లాంపును వదులుచేసి, హ్యాండిలును పైకి లాగి, దాని క్రింద దాగియున్న కంప్రెషను బోల్టును, కదలిక మానియు ఫోర్కు తేలికగా తిరుగునంతవరకు మాత్రమే బిగించి, హ్యాండిలును చక్రమునకు సరిచేసి, తరువాత గదా క్లాంపు బోల్టులను ఒకదాని వెంట నొకటిగా బిగింపవలసినది!

వెనుక చక్రముది మరియొక వింత: ఇరుసు నట్టు వదులైన తిరుగును, బిగించిన నిలిచిపోవును. రెండు బేరింగుల నడుమ నుండవలసిన చిన్న గొట్టము లేకున్న నట్టు బిగింపు బేరింగులనే నొక్కివేయును. చక్రమును తానే విప్పి తుడిచిన ఘనుడు, మా మనుమడు, ఆ గొట్టమును కిటికీలో మరచియుండెను. అరచేతిలోనికి తీసికొన్న యొక బేరింగు, 22 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము, 8 మిల్లీమీటర్ల రంధ్రము గల 608 రకము, నన్ను అరువది యేండ్లు వెనుకకు దొర్లించెను.

మా బాల్యమున లారీ షెడ్డువారు పారవేసిన బేరింగులే మా సిరి. వానిని కిరసనాయిలులో కడిగి, కొయ్య ఇరుసులకు దిగగొట్టి, పైన పలక కట్టిన బేరింగుల బండి, గుడిలోని వేణుగోపాలస్వామి మధ్యాహ్నపు నిద్రను గూడ చెరచునంతటి రొదతో వీధిలో పరుగెత్తెడిది. ఒకనాటి పల్లములో బండి యొక దిక్కును, నేనొక దిక్కును పోగా నా మోచేయి విరిగెను. మా నాయన నన్ను భుజాన వేసికొని, ఎముకలకు కట్టు కట్టు పుత్తూరికి బయలుదేరెను. మా సీమలో ఎముక విరిగినవానికి వేరొక దారి ఆ దినములలో తోచెడిది కాదు. కట్టు కట్టు పెద్దాయన “ఎక్కడ నొప్పి?” అని యడుగలేదు. కన్నులు మూసికొని వ్రేళ్ళతో నా చేతిని తడుముచు, నేను కేక వేయుటకు ముందే ఆ చోట ఆగెను. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ, ఇంతియే వైద్యము. ఆ కట్టుతోనే కూర్చుండి మిగిలిన చేతితో నా బండికి మేకులు కొట్టుకొంటిని. అతుకనిది లోకమున లేదను నా మూఢవిశ్వాసము ఆ దినమున పుట్టినదే.

ఆ గర్వముతోనే స్కూటరును కడపటిసారి తుడుచుచుండగా, డెక్కు మెడకడ వెల్డింగు ప్రక్కన వెంట్రుకవంటి గీత కనబడెను. మురికియనుకొని గోటితో గీకితిని, గోరు దిగెను. పగులు.

వెల్డింగు షాపు నాలుగిండ్ల అవతలనే యున్నది. నా కాళ్ళు అప్పుడే అటు తిరిగినవి. కాని యిట్టి డెక్కుల అల్యూమినియమునకు కర్మాగారమున వేడిచికిత్సచే బలము కూర్తురు. ఊరిలో మరల కాల్చి అతికినచో అతుకు నిలుచునేమో గాని దాని ప్రక్కలోహము మెత్తబడును. దూకిన ప్రతిసారి బరువంతయు ఆ మెడమీదనే పడును. పెద్దాయన కట్టిన కట్టులోపల నా యెముక తనంతట తాను అతుకుకొనెను. ఈ మెడకు ఎన్ని దినములు కట్టు కట్టినను లోపలనుండి చిగురించునది ఏదియు లేదు.

ఆ దుకాణదారు చెప్పిన మాటలో సగము నిజమని యొప్పుకొనక తప్పదు. విప్పి చూచి చెప్పియున్న, అతనికి నమస్కరించియుందును.

ఎవరి బిడ్డయు మరల ఎక్కకుండునట్లు డెక్కును హాక్సాతో రెండుగా కోసి పాతసామానులవానికి తూకమునకు వేసితిని. ఫోర్కు, హ్యాండిలు, చక్రములు అటకమీద నున్నవి. క్రొత్త డెక్కు ఒక్కటి చాలునని చెన్నైకి చెప్పి పంపితిమి.