పుట్టగొడుగును కోసే రంపం

ఆర్థర్ రాకమ్ వేసిన బొమ్మ ఏది చేతికొచ్చినా నా చూపు ముందు చెట్టు మొదట్లోకే పోతుంది. అక్కడ వేళ్ళు మట్టిని పట్టుకుని ఉంటాయి, ముసలివాళ్ళ వేళ్ళు చేతికర్రను పట్టుకున్నట్టు. చెట్టుకైనా మనిషికైనా మనకు ఉన్నది ఒకటే మాట. ఆ వెసులుబాటు లేని భాషలో పుట్టిన లండన్ చిత్రకారుడు, ఆ పోలికను పాళీతో కనిపెట్టాడు. బెరడు మీద ముడతలు, ముడతల్లో ఒక కన్ను, కొమ్మ మలుపులో ఒక మోచెయ్యి. ఇంతకీ అది చెట్టేనా? చెట్టే. ఏ బొడిపె ఎక్కడ లేస్తుందో, ఏ కొమ్మ ఎటు వంగుతుందో తెలిసినవాడు వేసిన చెట్టు.

మన కథల్లో దేవకన్యలు నిండు మనుషులంత ఉంటారు. కొలనులో స్నానానికి దిగుతారు, గట్టున విడిచిన చీర ఎవరో రాకుమారుడు దాచేస్తే పైకి పోలేక చిక్కుకుంటారు. ఇంగ్లండు ఫెయిరీ వేరే జాతి. అరచేతిలో ఇమిడేంత ఒళ్ళు, తూనీగ రెక్కలు, పువ్వుల చాటున కాపురం, కొంచెం పెంకితనం. అంత చిన్న ప్రాణిని ముద్దుగా వేయడం తేలిక. చూసినవాడు నమ్మేలా వేయడమే కష్టం. రాకమ్ జీవితంలో ఎక్కువ భాగం ఆ కష్టం మీదే గడిచింది.

1867లో లండన్‌లోనే పుట్టాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో వెస్ట్‌మిన్‌స్టర్ ఫైర్ ఆఫీసు అనే బీమా కంపెనీలో గుమాస్తాగా చేరి, సాయంత్రాలు లాంబెత్ ఆర్ట్ స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నాడు. 1892లో ఆ ఉద్యోగం వదిలి పత్రికల పనిలోకి దిగాడు. పత్రికకు వేసే బొమ్మ రేపటికి కావాలి, చూసినవాళ్ళు పోల్చుకోవాలి. తర్వాత ఎన్ని మాయాలోకాలు వేసినా ఆయన గీతలోంచి ఆ విలేఖరి క్రమశిక్షణ పోలేదని నా నమ్మకం. 1905లో 'రిప్ వాన్ వింకిల్'కు 51 రంగుల బొమ్మలు వేశాడు. ఆ పుస్తకంతో పేరొచ్చింది.

ఆయన పని తీరు చెప్పుకోదగ్గది. ముందు మెత్తని పెన్సిల్‌తో ఆకారాలు తేలిగ్గా పెట్టుకునేవాడు. వాటిమీద ఇండియా ఇంకుతో పాళీ గీతలు. బొమ్మ ఒక రూపానికి వచ్చాక పెన్సిల్ జాడలు చెరిపేసేవాడు. ఆ తర్వాతే నీటిరంగులు, ఒక్కసారిగా కాదు. పలచటి పూత ఒకటి, దానిమీద ఇంకొకటి. పూతల కింద నుంచి కాగితం కాంతి పైకి వస్తూనే ఉంటుంది. పాత ఉత్తరాల రంగు, ఎండుటాకు రంగు, వాన కురవబోయే ఆకాశం రంగు. ముదురు ఎరుపో నీలమో కావాలంటే అంగుళం మేర, అంతే. ఫెయిరీ రెక్కకైతే దాదాపు రంగే ఉండదు. సన్నటి గీత, ఒక పలచటి నీడ, మిగతాది కాగితమే. వెనక ఉన్న కొమ్మ ఆ రెక్కలోంచి కనిపిస్తుంది కాబట్టి రెక్క ఉందని మనం ఒప్పుకుంటాం. కొమ్మ వేయడం రాకపోతే రెక్క వేయడం కుదరదు.

అప్పటికి మూడు రంగుల బ్లాకులతో అచ్చు వేసే పద్ధతి కొత్తగా వచ్చింది. బొమ్మను రంగు గాజుల గుండా ఫొటో తీసి, రంగుకో బ్లాకు చేసి, ఒకదానిమీద ఒకటి అచ్చు వేయడం. దానికి నున్నటి ఆర్ట్ పేపర్ కావాలి. అందుకని బొమ్మల్ని విడిగా అచ్చు వేసి, మందపాటి పుటల మీద అంటించి, పైన పలచటి కాగితం కప్పేవారు. ఆ పొరను ఎత్తి చూడటంలోనే ఒక తెర తీసినంత సంబరం. రాకమ్ అణకువ రంగులు ఆ అచ్చుకు అతికినట్టు సరిపోయాయి.

జె. ఎం. బారీ రాసిన 'పీటర్ పాన్ ఇన్ కెన్సింగ్టన్ గార్డెన్స్' 1906లో 50 రంగుల బొమ్మలతో వచ్చింది. ఏడు రోజుల పసివాడు కిటికీలోంచి ఎగిరిపోయి పార్కులో ఫెయిరీల మధ్య చేరే కథ. ఆ పార్కు ఊహ కాదు. లండన్ నడిబొడ్డున ఉంది, నీళ్ళ పక్క దారీ, ఇనప కంచే, ఆయాలు పిల్లల్ని తిప్పే వీధులూ అన్నీ నిజం. రాకమ్ వాటిని నిజంగానే వేశాడు. కంచె ఊచల పక్కనే ఫెయిరీలు నడుస్తుంటే ఆ ఊచల లెక్క మన నోరు మూయిస్తుంది.

ఒక బొమ్మలో పొట్టి పనివాళ్ళు పుట్టగొడుగును రంపంతో కోస్తూ, ఉలిక్కిపడి పనిముట్లు వదిలేసి పరిగెడతారు. చెట్టును కూల్చే మనుషులు ఎలా ఉంటారో అలాగే ఉన్నారు, పనిదుస్తుల్లో, తమ పనిలో. ఫెయిరీలకూ కూలి పని ఉంటుందన్న ఒక్క ఆలోచనతో ఆ లోకానికి బరువు వచ్చింది. ఇంకో బొమ్మలో రాలుటాకులు గాలికి దొర్లుతుంటాయి. కాసేపు చూస్తే అవి ఆకులు కావు, చేతులూ కాళ్ళూ ఉన్న అల్లరి మూక. ఎక్కడ ఆకు ఆగి మనిషి మొదలైందో వెతికాను, గీత దొరకలేదు. చిన్నప్పుడు చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుడి భుజం మీద శవాన్ని చూసి దాని బరువు నమ్మినట్టే, ఈ ఆకుల తేలికదనాన్నీ నమ్మాను.

1919లో 'సిండ్రెల్లా'కు మాత్రం దారి మార్చి, బొమ్మలు చాలావరకు నల్లటి నీడలుగా వేశాడు. ముఖం లోపల ఏమీ లేదు. ముక్కు కొస, వంగిన వీపు, పావడా ఊపు, అంతే. సవతి అక్కల గర్వం గడ్డం ఎత్తిన తీరులోనే తెలిసిపోతుంది.

కెన్నెత్ గ్రాహమ్ తన జంతువుల కథ 'ది విండ్ ఇన్ ది విల్లోస్'కు బొమ్మలు వేయమని చాలా ఏళ్ళ కిందట అడిగితే తీరిక లేక రాకమ్ కాదన్నాడు. ఆ లోటు మనసులో ఉండిపోయింది. చివరికి ఆ పని చేతికొచ్చింది, 1939లో, జబ్బుతో మంచం మీద ఉండగా ముగించాడు. ఆఖరి బొమ్మలో నీటి ఎలుకా దాని నేస్తం మోలూ వనభోజనానికి బుట్ట పడవలోకి ఎక్కిస్తున్నారు. పూర్తయిందని వెనక్కి వాలాడు. అప్పుడు చూశాడు, పడవలో తెడ్లు లేవు. అంత చిన్న సంగతికి ఏముందిలే అని కూతురు బార్బరా నచ్చజెప్పబోయింది. ఒప్పుకోలేదు. మళ్ళీ కాగితం తీసుకుని, ఓపిక లేని చేత్తో తెడ్లు వేశాడు. ఆ సెప్టెంబరులో పోయాడు. పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది, పడవలో తెడ్లతో.