బండి ఎక్కడి గాలి పీలుస్తోంది?

వైపర్ బ్లేడ్లు మార్పించుకుందామని మొన్న కారు సామాన్ల దుకాణానికి వెళ్లాను. నా ముందు ఒక కుర్రాడు తన కొత్త థార్‌కి స్నార్కెల్ బేరమాడుతున్నాడు. బానెట్ పక్కనుంచి లేచి, ముందు అద్దం అంచు వెంబడే టాపు దాకా పోయే నల్లటి గొట్టం ఉంటుందే, అదన్నమాట. కౌంటర్ దగ్గరున్న మనిషి ఆ గొట్టాన్ని చేత్తో తట్టి, “ఇది పెట్టించుకున్నాక వాగైనా వంకైనా చూసుకోనక్కర్లేదు సార్, దిగిపోవడమే” అన్నాడు. కుర్రాడి మొహం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. వారం రోజులుగా ఆ మాట నన్ను వదల్లేదు.

ఇంజిన్‌కి డీజిల్ ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. థార్‌లో వచ్చే 2.2 లీటర్ల డీజిల్ ఇంజిన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, టర్బో తోసే గాలిని లెక్కలోకి తీసుకోకుండానే నిమిషానికి 2000 లీటర్లకు పైగా గాలి లాగుతుంది. చాలా బళ్లకు కంపెనీవాళ్లు ఈ గాలి పీల్చే మూతిని బానెట్ కిందే, హెడ్‌లైట్ వెనకో మడ్‌గార్డ్ లోపలో పెడతారు. నీళ్లు అక్కడిదాకా వచ్చాయంటే గాలితో పాటు వాటినీ లాగేస్తుంది. గాలిని నొక్కితే నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. ఆ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 546 సీసీ. డీజిల్ ఇంజిన్ గాలిని పదహారు రెట్లకు అటూ ఇటూగా నొక్కుతుంది కాబట్టి పిస్టన్ పైకొచ్చేసరికి మిగిలే చోటు సుమారు 35 మిల్లీలీటర్లు. చిన్న టీ గ్లాసులో సగం. అంతకు మించి నీళ్లు చేరితే పిస్టన్ పైకి పోలేదు, కిందనుంచి తోసే బలం ఆగదు, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజిన్ లాకైంది అంటారు షెడ్డుల్లో.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు నీళ్లలో నిలిచిపోయిన కార్లు ఎన్నో మనం చూశాం. అలా నిలబడి ఉన్న కారు ఇంజిన్ నీళ్లలో మునిగినంత మాత్రాన లాక్ కాదు. నీళ్లు తీశాక ఆత్రం కొద్దీ తాళం తిప్పినప్పుడు అవుతుంది. మామూలు ఇన్సూరెన్స్ దానికి డబ్బివ్వదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా తీసుకుని ఉండాలి. ఈ సంగతి ఇదివరకూ రాశాను, మళ్లీ రాస్తున్నాను, వచ్చే వానాకాలమూ రాస్తాను.

అలాంటప్పుడు మూతిని టాపు దాకా ఎత్తేస్తే గొడవ వదిలిపోయినట్టేగా అనిపిస్తుంది. కంపెనీల లెక్క చూడండి. థార్ 650 మిల్లీమీటర్ల నీటి దాకా వెళ్లగలదని మహీంద్రా చెబుతుంది. ఫోర్స్ గూర్ఖా అయితే ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్‌తో వస్తుంది, దానికి చెప్పే లోతు 700 మిల్లీమీటర్లు. గొట్టం మనిషి ఎత్తున ఉన్నా కంపెనీ ఇచ్చిన మాట తొడ దగ్గరే ఆగిపోయింది. ఎందుకంటే ఇంజిన్ మూతి ఒక్కటే పైకి లేచింది. ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటార్, వైరింగ్ జాయింట్లు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద యాక్సిల్ సంగతి ఇంకా ఘోరం. గంటసేపు నడిచి వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా చన్నీళ్లలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ గొట్టంలోంచీ సీళ్లలోంచీ నీళ్లను లోపలికి లాక్కుంటుంది. నెల తర్వాత ఆయిల్ తీసి చూస్తే పాలు కలిసిన టీ రంగులో ఉంటుంది.

ఇవన్నీ నిలవ నీళ్ల మాటలు. పారే నీళ్ల సంగతి వేరు. బండి అడుగుభాగం పైకి ఇంకో అడుగు నీరు లేస్తే, నీరు లోపలికి జొరబడే దాకా, బండి బరువులో పెద్ద వాటాను ఆ నీరే ఎత్తి పట్టుకుంటుంది. టైర్లకు నేల మీద పట్టు పోతుంది. రెండు అడుగుల లోతున ప్రవాహం ఉంటే ఎస్‌యూవీలు సైతం కొట్టుకుపోతాయి. మన జిల్లాల్లో రోడ్డు వాగును దాటే చోట లోలెవెల్ చప్టాలు ఇప్పటికీ ఉన్నాయి. ఏటా ఏదో ఒక చప్టా మీద ఎవరో ఒకరు ‘మన బండి దాటేస్తుందిలే’ అనుకుంటారు. ఆ మాట వెనకాల ఇలాంటి గొట్టం ఒకటి చేరకూడదన్నదే నా బాధ.

ఇంత కోపంతో ఆదివారం మా మేనల్లుడి ఇంటికి వెళ్తే, వాడు వాకిట్లో తన థార్ మడ్‌గార్డ్ విప్పి కూర్చున్నాడు. పక్కన అట్టపెట్టెలో సరిగ్గా అదే నల్ల గొట్టం. “ఒరేయ్, నీకెందుకురా ఇది? ఏ వాగులో దిగుతావు?” అన్నాను. వాడు తలెత్తకుండానే, “వాగు ఎక్కడుంది మావయ్యా, చీమకుర్తిలో! దుమ్ము కోసం” అన్నాడు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తెలియనివాళ్లుండరు. అక్కడి క్వారీల్లో వాడు సూపర్‌వైజర్. పొద్దున్నుంచీ టిప్పర్ల వెనకాలే తిరగాలి. టిప్పర్ చక్రాలు లేపే రాతిపొడి నేలకు దగ్గరగానే చిక్కగా ఉంటుంది, బానెట్ ఎత్తున కళ్లు కనపడవు, టాపు ఎత్తున పలచబడుతుంది. ఆ చిక్కటి పొడి వాడి బండి ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువుకు చాలా ముందే మూసేస్తోంది. ఇక నేను నోరు మూసుకుని స్టూలు లాక్కుని కూర్చున్నాను.

పని చూడముచ్చటగా చేశాడు. కాగితం నమూనాను మడ్‌గార్డ్ మీద టేపుతో అంటించి, తలుపు తీసి మూసి, బానెట్ ఎత్తి దించి, గొట్టం ఎక్కడా తగలదని నమ్మకం కుదిరాకే సన్న డ్రిల్ బిట్టుతో గుర్తు పెట్టాడు. దాని మీద హోల్ సా. రేకు తెగాక బిగించేయాలని తొందరపడలేదు. అంచుల్ని ఆకురాయితో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పెయింట్ వేసి, అదీ ఆరేదాకా భోజనానికి లేచాడు. ఈ ఒక్కదాని కోసమే సొంతంగా చేసుకునేవాణ్ని నేను గౌరవిస్తాను. గంటకు ఇన్ని బళ్లు దించాల్సిన షాపులో రంగు ఆరేదాకా ఆగే ఓపిక ఎవరికీ ఉండదు. రెండు వానలకు ఆ కోసిన అంచునే తుప్పు మొదలవుతుంది, గొట్టం కప్పేసి ఉంటుంది కాబట్టి పెచ్చులూడేదాకా కనపడదు.

అంతా బిగించాక పరీక్ష. చెక్కముక్కకు సైకిల్ ట్యూబు అతికించి ఉంచుకున్నాడు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో పెట్టి దాన్ని గొట్టం మూతి మీద అదిమాడు. గాలి ఆ ఒక్క దారినే వస్తుంటే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోవాలి. ఆగలేదు. కాస్త గొంతు మార్చి నడుస్తూనే ఉంది. అంటే ఇంకెక్కణ్నుంచో గాలి లాగుతోంది. “ఎక్కడ మావయ్యా?” అన్నాడు. నాకు కుక్కర్ గాస్కెట్ గురించి రాసిన కాలమ్ గుర్తొచ్చింది. ఇంట్లో ఏ సామాను పాడైనా ముందు దానిలోని చవక రబ్బరు ముక్కను చూడమని అప్పట్లో రాశాను. ఫిల్టర్ డబ్బా అడుగున వాన చుక్కలు కారిపోవడానికి చిన్న రబ్బరు నాలిక ఉంటుంది, లోపలి నీటిని వదలాలి, బయటి గాలిని రానివ్వకూడదు. టార్చి వేసి చూస్తే ఆ నాలిక గట్టిపడి, నోరు తెరుచుకుని ఉండిపోయింది. వేల రూపాయల గొట్టం టాపు మీద ఉన్నా ఇంజిన్ అడుగు బొక్కలోంచి క్వారీ దుమ్మునే తాగుతోందన్నమాట. కొత్త నాలిక వేశాడు. దాన్ని సిలికాన్‌తో పూర్తిగా మూసెయ్యమని కొందరు చెప్తారు. వాడు మూయలేదు, వానలో గొట్టంలోకి వచ్చిన నీటికి దారి ఉండాలన్నాడు. ఈసారి చెక్కముక్క అదమగానే ఇంజిన్ ఒక్క కుదుపుతో ఆగింది, వెంటనే చెక్క తీసేశాడు. ఆ నిశ్శబ్దం విని నాకు ఎంత సంతోషం కలిగిందో!

వాణ్ని చూస్తుంటే దివిసీమలో మా మేనమామ ట్రాక్టర్ కళ్లముందుకొచ్చింది. ఆ రోజుల్లో ఆ ఊరి ట్రాక్టర్లన్నిటికీ బానెట్ మీద ఒక గొట్టం నిలబడి ఉండేది, కొసన పుట్టగొడుగులాంటి టోపీ. చిన్నప్పుడు అది పొగగొట్టమే అనుకునేవాళ్లం. పొగగొట్టం పక్కది. ఇది గాలిగొట్టం. ఆ టోపీలో వంకర రేకులుంటాయి. వచ్చే గాలిని అవి గిర్రున తిప్పుతాయి, ఆ విసురుకి బరువైన మట్టి అక్కడే పక్కకు పడిపోతుంది. తక్కిన గాలి కిందికి దిగి ఆయిల్ గిన్నె మీద పడి, ఒక్కసారిగా వెనక్కి మళ్లి పైకి పోవాలి. గాలి మళ్లగలదు, దుమ్ము మళ్లలేదు. అది నూనెలో చిక్కుకుంటుంది. ఆపైన నూనె తడిసిన తీగల జల్లెడ ఒకటి ఉంటుంది. కాగితం ఫిల్టర్ లేదు, మార్చే ఖర్చు లేదు. మనిషి చెయ్యి మాత్రం రోజూ పడాలి.

ట్రాక్టర్ తోలే బాబాయిది ఆ చెయ్యి. దమ్ముల రోజుల్లో ఇనుప చక్రాలు వేసుకుని బురదలో తిరిగినప్పుడు ఆ గిన్నెను పెద్దగా పట్టించుకునేవాడు కాదు. ఎండాకాలం చెరువు మట్టి తోలేటప్పుడూ, కుప్ప నూర్పిళ్లలో కళ్లం మీద ట్రాక్టర్‌తో గుండ్రంగా తొక్కించేటప్పుడూ మాత్రం తెల్లారకముందే లేచేవాడు. క్లిప్పు తీసి గిన్నె దించి, పైన తేలిన నూనె వంచేసి, అడుగున పేరుకున్న నల్లటి మడ్డిని వేలితో తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది నాకు చూపించేవాడు. చేతికి గరగరలాడేది. “ఇది ఇంజిన్ పొట్టలోకి పోవాల్సిందిరా అబ్బాయ్” అనేవాడు. డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోసేవాడు. గీత దాటి ఒక్క చుక్క కూడా పోయనిచ్చేవాడు కాదు, ఎక్కువైతే ఆ నూనెనే ఇంజిన్ లాగేసుకుంటుందని. మట్టి లోపలికి పోతే ఏమవుతుందని అడిగితే, పక్క ఊరి ట్రాక్టర్ ఒకదాన్ని చూపించాడు. దాని పొగ నీలంగా వచ్చేది. లైనర్లు గీసుకుపోయి, రింగులు అరిగి ఆయిల్ కాలిపోతోంది. దానికి ఏ వరదా తగల్లేదు, దుమ్మే తినేసింది.

ఆ బాబాయి గొట్టం ఎత్తుగా ఉందని ఎన్నడూ నీళ్లలోకి చొరవ చేయలేదు. డ్రెయిన్ దాటాల్సొస్తే ముందు తనే కర్ర పట్టుకుని దిగి, అటు ఒడ్డు దాకా నడిచి వచ్చాకే ట్రాక్టర్ ఎక్కేవాడు. నడుస్తున్న నీళ్లయితే దిగేవాడు కూడా కాదు, పొద్దుపోయినా సరే ఒడ్డునే ట్రాక్టర్ ఆపి బీడీ వెలిగించేవాడు.

గొట్టాన్ని తిట్టడానికి కలం పట్టాను. ఇప్పుడు మాత్రం, మట్టిరోడ్ల మీద, క్వారీల్లో, ఎర్రమట్టి తోటల్లో తిరిగే బండి ప్రతిదానికీ అది ఉండాలనే అంటాను. ఆస్ట్రేలియా లోపలి ఎడారి దారుల్లో తిరిగేవాళ్లు దాన్ని పెట్టుకునేది ముఖ్యంగా దుమ్ము కోసమే. వాగు దాటించే పరికరమని అమ్మడం తప్పు, ఫిల్టర్‌నీ లైనర్లనీ కాపాడే పరికరమని అమ్మితే నాకు పేచీ లేదు. పెట్టించుకునేవాళ్లు ఒక్క పని ముందే చేయాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, దాని మీద 2019లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కంపెనీ మూల నమూనాకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోవు. అందుకని రేకు కోయకముందే రవాణా శాఖ ఆఫీసులోనూ ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

గొట్టం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కూడా ఈ ఆదివారం పది నిమిషాలు కేటాయించండి. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫిల్టర్ డబ్బా మూత తీయండి. అడుగున రబ్బరు నాలిక మెత్తగా ఉండి మూసుకుంటోందో లేదో చూడండి. తర్వాత ఫిల్టర్ దాటి ఇంజిన్ వైపు వెళ్లే గొట్టంలో తెల్లటి గుడ్డ చుట్టిన వేలితో ఒకసారి తుడవండి. గుడ్డకు దుమ్ము అంటితే ఫిల్టర్ సరిగా కూర్చోలేదు, లేదా ఎక్కడో క్లిప్పు వదులైంది. అది సరిచేశాకే బండి తీయండి.