పాలు చేపే దాకా

నీకు దండం తల్లీ. మూడో నాటికీ పాలు పడక, పక్క మంచం మీది పిల్ల గుటకల చప్పుడు వింటూ గోడవైపు తిరిగి పడుకున్న తల్లీ, నీకు దండం.

భద్రాచలంలో పురుడు పోసుకుని, చర్ల దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఆటోలో, ఆపైన అడవిబాటన గూడెం చేరావు. నువ్వు గడప దాటకముందే మాట ఊరు దాటింది: "పాలు పడలేదంట." చూడొచ్చిన ప్రతి ఆడమనిషీ బిడ్డ ముఖం చూశాక నీ రొమ్ము వంకే చూసింది. అత్త మునగాకు వండింది, వెల్లుల్లి కారం కలిపి పెట్టింది. ప్రేమతోనే పెట్టింది. కానీ ప్రతి ముద్దతోనూ "ఇప్పుడన్న పడతయో లేదో" అన్న చూపును నంజుకోవలసి వచ్చింది నీకు.

రాత్రికి రొమ్ము గట్టిపడుతుంది, చెయ్యి ఆనితే ప్రాణం పోయేంత సలుపు. చనుమొన పగిలి సన్నటి ఎర్రగీత. బిడ్డ నోరు తెరిస్తే చాలు, నీ కాలివేళ్లు ముడుచుకుంటాయి, పళ్లు బిగుసుకుంటాయి. అయినా దగ్గరికి లాక్కుంటావు. ఎంత నొప్పో తెలిసీ మళ్లీ అందిస్తావే, సమ్మక్క సారలమ్మల తెగువను పాడుకునే ఈ నేల ఆ తెగువనూ పాడాలి.

తొలిరోజు పసిదాని పొట్టలో పట్టేది చెంచాడు. ఆ చెంచాడు ముర్రుపాలు, చిక్కగా పసుపుపచ్చగా, నీ దగ్గర ఉన్నాయి. తెల్లగా ధారగా రాలేదని వాటిని పిండి పారబోయించారు. నాలుక మీద తేనె రాశారు, పంచదార నీళ్లు పట్టారు. బొజ్జ నిండిన పిల్ల చన్ను చీకదు, చీకని చన్నులో పాలు ఊరవు. మూడో రోజో నాలుగో రోజో దిగవలసినవి ఇంకా వెనకబడ్డాయి. తప్పు పంచదార నీళ్లది, నింద నీది. పాలు చేపించే ఆక్సిటోసిన్ హార్మోను భయానికీ నొప్పికీ సిగ్గుకీ వెనకాడుతుంది. నలుగురు చుట్టూ చేరి "లేవు, లేవు" అంటుంటే ఉన్నవి కూడా దిగవు. ఆ మాట అన్నవాళ్లకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే అనేవాళ్లు కాదు. వాళ్లలో ఎందరో ఒకప్పుడు ఇలాగే గోడవైపు తిరిగి ఏడ్చినవాళ్లే.

పాలు పడ్డాకా కష్టం తీరదు కొందరికి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ కాల్పులకు బెదిరి వచ్చి ఈ అడవి అంచున గుడిసెలు వేసుకున్న గుత్తికోయ తల్లులు ఎండాకాలం మొదట్లో మిరపతోటల్లో కాయ కోస్తారు. గట్టున చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల. బిడ్డ ఏడుపు చెవిన పడగానే రవిక తడిసిపోతుంది. వేళ్ల నిండా మిరప ఘాటు, సబ్బుతో ఎంత రుద్దినా వదలని మంట. ఆ చేత్తో రొమ్ము పట్టలేదు, బిడ్డ పెదవి తాకలేదు. మోచేతుల మధ్య పిల్లను ఇరికించుకుని, ముందుకు వంగి పాలిస్తుంది ఆ తల్లి. ఇప్పపూల కాలంలో చీకటితోనే అడవికి పోయిన తల్లికి పొద్దెక్కేసరికి రొమ్ములు బరువెక్కి పోట్లు పుడతాయి. గంప నిండందే ఇంటికి రాలేదు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులు తాకినప్పుడు ఒడ్డు ఊళ్లు ఖాళీ అయ్యాయి. శిబిరంలో జనం కిక్కిరిసిన గదిలో బాలింతకు చాటు ఏది? అన్నం పొట్లం ఎంత అవసరమో, అడ్డంగా కట్టిన ఒక్క పాతచీర అంత అవసరం అక్కడ.

నీ పక్కన నేల మీదే కూచున్న ఆశా అక్కకు కూడా దండం. "పాలున్నయమ్మా. పిల్ల నోరు బాగా తెరిచినంక పెట్టు. మొన ఒక్కటే కాదు, నల్లటి భాగం గూడ నోట్లకు పోవాలె" అని చెప్పి, పట్టు కుదిరేదాకా కదలని మనిషి. అంగన్‌వాడీ టీచరుకు దండం. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద 200 మిల్లీలీటర్ల పాలూ గుడ్డూ పప్పన్నమూ నీ ముందు పెట్టి, "నువ్వు తిన్నావా?" అని అడిగింది. అందరూ బిడ్డ తాగిందా అనే అడిగారు, నీ ఆకలి అడిగింది ఆమె. హైదరాబాదులో నీలోఫర్ ఆసుపత్రి తల్లిపాల బ్యాంకులో ముఖం తెలియని పసికందు కోసం పాలు పిండి ఇచ్చే ఆడవాళ్లకు దండం.

అన్నీ చేశాక కూడా పాలు పడని తల్లీ, నీకు అందరికన్నా పెద్ద దండం. డాక్టరు చెప్పిన డబ్బాపాలు కొలత తప్పకుండా పోసి, మరిగించి చల్లార్చిన నీళ్లలో కలిపి, ఉగ్గుగిన్నె బిడ్డ పెదవికి ఆనించి, గుటక గుటకకూ ఆగి చూసుకుంటూ పట్టే తల్లీ, ఆ గిన్నె పట్టుకున్నందుకు నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. అడిగినవాళ్లను నా దగ్గరికి పంపు.